కందిరీగ ఆహారనాళాన్ని స్లైడ్ మీదికి తేవడం: పట్టడం దగ్గర్నుంచి మైక్రోస్కోప్ కింద చదవడం దాకా

కందిరీగ పేగు మీద పనిచేసేవాళ్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఒకటుంది. సెక్షన్ (మైక్రోస్కోప్ కింద చూడటానికి కోసిన పలచటి పొర) వచ్చింది, రంగు కూడా పట్టింది, కానీ మధ్యాహారనాళం (పేగు నడిమి భాగం) లోపలి కణాలు చెదిరిపోయి గోడను వదిలేసి తేలుతున్నాయి, ఎందుకు? తప్పు మైక్రోటోమ్‌లోనో (సెక్షన్లు కోసే యంత్రం) వ్యాక్స్‌లోనో ఉంటుందని వెతుకుతారు. నిజానికి చాలాసార్లు ఆ స్లైడ్ పాడైపోయింది పొట్ట తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లోనే. మధ్యాహారనాళం కణాల నిండా జీర్ణ ఎంజైములుంటాయి. పురుగు చచ్చిన వెంటనే అవి సొంత కణాన్నే తినడం మొదలుపెడతాయి. కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు మొదటి దశలకే ఇచ్చాం.

1. ఏ కందిరీగను ఎంచుకోవాలి

కొత్తగా నేర్చుకునేవాళ్లకు పోలిస్టిస్ కందిరీగ బాగా సరిపోతుంది. చూరు కింద బూడిదరంగు కాగితపు తుట్టె కట్టేది ఇదే. పేగు చేతికి అందేంత పెద్దగా ఉంటుంది. కిటికీ మూలల్లో చిన్న తుట్టెలు పెట్టే రోపాలిడియా మార్జినాటా కూడా పనికొస్తుంది, కానీ దాన్ని కోయడానికి చెయ్యి కాస్త కుదురుకుని ఉండాలి. గోడలకు మట్టిగూళ్లు కట్టే స్కెలిఫ్రాన్ ఒంటరిగా తిరుగుతుంది, కుట్టడం అరుదు. అయితే దాని నడుము దారంలా పొడవుగా ఉంటుంది కాబట్టి ఆహారవాహికను తెగకుండా తీయడం కష్టం. చెట్లకు వేలాడే పెద్ద తుట్టెల జోలికి మాత్రం వెళ్లకండి.

వీలైతే మగవాటిని తీసుకోండి, వాటికి కొండి ఉండదు. గుర్తుపట్టడం తేలిక: మగదాని స్పర్శశృంగంలో 13 ఖండాలు, పొట్టలో బయటికి కనిపించేవి 7. ఆడదానికి 12, 6. ఆహారనాళం నిర్మాణం రెండింటిలోనూ ఒకటే.

ఎవరినైనా కుట్టాక గొంతు బిగుసుకున్నట్టున్నా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ముందే అలర్జీ ఉన్నవాళ్లు పట్టే పనిలో దిగకూడదు.

కనీసం ఆరు కందిరీగలుండాలి. రెండు కోత సాధన కోసం, నాలుగు సెక్షన్ల కోసం. ఆ నాలుగింటిలో మూడింటికి 24 గంటల పాటు 20 శాతం చక్కెర నీళ్లలో ముంచిన దూది తప్ప ఇంకేమీ పెట్టవద్దు. పేగులో పుప్పొడి, ఇసుక రేణువులు, పురుగుల పెంకు ముక్కలు మిగిలితే మైక్రోటోమ్ బ్లేడు అంచు దెబ్బతిని, రిబ్బన్ (ఒకదానికొకటి అతుక్కుని వచ్చే సెక్షన్ల పట్టీ) పొడవునా గీత పడుతుంది. నాలుగోదాన్ని మాత్రం కడుపునిండా తిన్నదాన్నే తీసుకోండి. పేగులోని మేతను చుట్టుకుని ఉండే పెరిట్రోఫిక్ త్వచం దానిలోనే స్పష్టంగా దొరుకుతుంది.

2. కందిరీగను ఫ్రిజ్‌లో పెట్టకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

పురుగును తెరిచాక సీసా మూత కోసం వెతుక్కుంటే పని చెడినట్టే. ముందుగా ఇవన్నీ బల్ల మీద ఉండాలి:

☐ సెలైన్: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 7.5 గ్రాముల సోడియం క్లోరైడ్. చల్లగా ఉంచండి.
☐ బోయిన్ ద్రవం (కణజాలాన్ని చెడకుండా ఉన్నదున్నట్టు నిలిపే, అంటే ఫిక్స్ చేసే ద్రవం): సంతృప్త పిక్రిక్ ఆమ్ల ద్రావణం 75 మి.లీ., ఫార్మలిన్ 25 మి.లీ., గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 5 మి.లీ. ఎసిటిక్ ఆమ్లం వాడే రోజే కలపండి.
☐ వ్యాక్స్ ట్రే: మైనంలో కొంచెం దీపపు మసి కలిపి పోసింది. నల్లటి నేల మీద తెల్లటి పేగు, వెండిదారాల్లాంటి వాయునాళాలు స్పష్టంగా కనిపిస్తాయి.
☐ 5వ నంబర్ సన్న మొన ఫోర్సెప్స్ రెండు, కంటి ఆపరేషన్లకు వాడే చిన్న స్ప్రింగ్ కత్తెర, సన్నని పిన్నులు.
☐ స్టీరియో మైక్రోస్కోప్, డ్రాపర్, మూతలున్న నాలుగు చిన్న సీసాలు.
☐ పెన్సిల్‌తో రాసిన కాగితపు చీటీలు. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

పిక్రిక్ ఆమ్లం పొడిబారితే పేలే గుణం ఉంది. సీసాలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. మూత మరల దగ్గర పసుపు పలుకులు పేరుకుని ఉంటే మీరు తిప్పకండి, ల్యాబ్ ఇన్‌ఛార్జికి చూపించండి. లోహపు మూతలు వాడకండి. ఫార్మలిన్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లవుజులతో చేయాలి.

3. పొట్ట తెరవడం

1) కందిరీగను చిన్న డబ్బాలో పెట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 10–15 నిమిషాలు ఉంచండి. కాళ్లు కదపడం మానేస్తే చాలు. త్వరగా అవుతుందని డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి. మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి, తర్వాత ఏం చేసినా అవి అతుక్కోవు.

2) రెక్కలు, కాళ్లు మొదలంటా కత్తిరించండి. వీపు పైకి ఉండేలా ట్రేలో పెట్టి, ఉరంలో ఒక పిన్ను, పొట్ట చివరి ఖండంలో ఇంకో పిన్ను గుచ్చండి. పొట్ట కాస్త సాగి ఉండాలి, మరీ లాగకూడదు.

3) పూర్తిగా మునిగేలా చల్లటి సెలైన్ పోయండి. గాలిలో కోస్తే పేగు పెంకుకు అంటుకుని చిరుగుతుంది.

4) పొట్ట పైపలకలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పక్కల్లో పైపలక, కిందిపలక కలిసే అంచు వెంట వెనక నుంచి ముందుకు కత్తిరించండి. కత్తెర మొన ఎప్పుడూ బయటివైపు ఎత్తి ఉండాలి. మొన కిందికి దిగిందంటే మధ్యాహారనాళానికి చిల్లు పడినట్టే.

5) రెండు పక్కలా తెగాక పలకలను వెనకనుంచి ఒక్కొక్కటిగా ఎత్తండి. అంటుకున్న వాయునాళాలను లాగకుండా కత్తిరించండి.

6) పేగు కనిపించగానే, దాన్ని కదపకముందే, సెలైన్‌ను డ్రాపర్‌తో చాలావరకు తీసేసి బోయిన్ ద్రవం నాలుగైదు చుక్కలు దాని మీద వేయండి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పేగు కొంచెం బిగుస్తుంది, ఎంజైముల పని ఆగుతుంది. ఈ ఒక్క చిట్కా సగం స్లైడ్లను కాపాడుతుంది.

పలక ఎత్తడం నుంచి చుక్కలు వేసేదాకా ఐదు నిమిషాలు దాటకూడదు. అందుకే మొదటి రెండు కందిరీగలూ సాధనకు. వాటిని సెలైన్‌లోనే తీరిగ్గా చూసి ఏది ఎక్కడుందో కాగితం మీద బొమ్మ వేసుకోండి.

పొట్ట ముందుభాగంలో పలచటి బుడగలా కనిపించేది అన్నాశయం. చక్కెర నీళ్లు తాగి ఉంటే ఉబ్బి అద్దంలా మెరుస్తుంది. దాని వెనక చిన్న గట్టి ముడి అంతరజఠరం. తర్వాత లేత గోధుమరంగులో, అడ్డంగా నొక్కుల వలయాలతో లావుగా వంపు తిరిగేది మధ్యాహారనాళం. అది ముగిసే చోట కుచ్చులా వేలాడే సన్నని దారాలు మాల్పీజియన్ నాళికలు (వ్యర్థాలను వడకట్టే గొట్టాలు). బొద్దింకలోలాగే ఇక్కడా అవి పదుల సంఖ్యలో ఉంటాయి. ఆపైన సన్నటి ఇలియం (పేగు చివరి భాగంలో ముందున్న గొట్టం), చివర ఉబ్బిన పురీషనాళం.

చివర్లో కనిపించే ప్రతి సంచీ పురీషనాళం కాదు. ఆడ కందిరీగలో విషపు సంచీ కూడా అక్కడే ఉంటుంది. కండరాల గోడతో, కొండి మొదలుకు అతుక్కుని ఉంటే అది విషపు సంచి. ఇలియంతో కలిసి ఉంటేనే పురీషనాళం. తోక ఖండాన్ని పట్టి లాగి పేగంతా ఒక్కసారిగా బయటికి తీసే పద్ధతి తేనెటీగలతో పనిచేసేవాళ్లకు అలవాటు. సెక్షన్ల కోసమైతే అలా చేయవద్దు. ఆ లాగుడుకు కండర పొర ఉపకళ (పేగు లోపలి కణాల పొర) నుంచి ఊడుతుంది, అంతరజఠరం దగ్గర తెగుతుంది.

4. ఫిక్స్ చేయడం, ముక్కలు చేయడం

పేగును ఇలా నాలుగు ముక్కలు చేసి వేర్వేరు సీసాల్లో వేయండి:

అ) అన్నాశయం, అంతరజఠరం, మధ్యాహారనాళం ముందుభాగం కలిపి ఒక్క ముక్క
ఆ) మధ్యాహారనాళం నడిమి భాగం
ఇ) మాల్పీజియన్ నాళికలు మొదలయ్యే చోటు, ఇలియం
ఈ) పురీషనాళం

మొదటి ముక్కలో అంతరజఠరానికీ మధ్యాహారనాళానికీ మధ్య ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకండి. అక్కడి కవాటం మధ్యాహారనాళం లోపలికి దిగి ఉంటుంది. బయటి సరిహద్దు చూసి కోస్తే కవాటం రెండు ముక్కలవుతుంది.

అన్నాశయం నిండి ఉంటే సన్నని సూదితో ఒక చిన్న రంధ్రం చేయండి. లేకపోతే ద్రవం లోపలికి చేరదు.

బోయిన్ ద్రవం కణజాలానికి 20 రెట్లు ఉండాలి. గది ఉష్ణోగ్రతలో 12–18 గంటలు సరిపోతుంది. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి, పసుపు దిగడం తగ్గేదాకా మారుస్తూ ఉండండి. కొన్ని చుక్కల సంతృప్త లిథియం కార్బొనేట్ ద్రావణం కలిపితే పసుపు త్వరగా వదులుతుంది. పిక్రిక్ ఆమ్లం మిగిలిపోతే రంగులు సరిగా పట్టవు. 70 శాతం ఆల్కహాల్‌లో ముక్కలు వారాల తరబడి నిలవ ఉంటాయి.

పేగు వంకర్లు తిరిగితే అడ్డుకోతలు ఏటవాలుగా వస్తాయి. ఫిక్స్ అయిన ముక్కను నీళ్లలోకి తెచ్చి, 45–50 డిగ్రీలకు చల్లారిన 2 శాతం అగార్‌లో తిన్నగా పరిచి గడ్డకట్టించండి. ఆ అగార్ దిమ్మనే తర్వాతి దశలకు పంపండి. ముందువైపు ఏదో తెలియడానికి దిమ్మ ఒక మూల ఏటవాలుగా కోయండి.

5. నీరు తీయడం, వ్యాక్స్‌లో కూర్చడం

☐ 80, 90 శాతం ఆల్కహాల్: ఒక్కొక్కటి 30 నిమిషాలు
☐ 95 శాతం ఆల్కహాల్: 30 నిమిషాలు. ఇందులో చిటికెడు ఇయోసిన్ కలపండి. వ్యాక్స్‌లో పడ్డాక తెల్లటి పేగు కంటికి కనిపించదు. గులాబీ రంగుంటే ఎటు తిప్పాలో తెలుస్తుంది.
☐ అబ్సల్యూట్ (100 శాతం) ఆల్కహాల్: రెండుసార్లు, 30 నిమిషాల చొప్పున
☐ జైలీన్: రెండుసార్లు, 10–15 నిమిషాల చొప్పున. పారదర్శకంగా అవ్వగానే తీసేయండి.
☐ 58–60 డిగ్రీల వ్యాక్స్: మూడుసార్లు, 30–45 నిమిషాల చొప్పున

ఇవి విడి ముక్కల లెక్కలు. అగార్ దిమ్మ అయితే ప్రతి దశకూ రెట్టింపు సమయం ఇవ్వండి. జైలీన్‌లో రాత్రంతా వదిలేస్తే కండరాలు ఎండు కొబ్బరిలా పెళుసెక్కి బ్లేడు కింద పొడి రాలతాయి. పాలలా తెల్లటి మబ్బు కనిపిస్తే నీరు మిగిలినట్టు. వెంటనే అబ్సల్యూట్ ఆల్కహాల్‌కు వెనక్కి వెళ్లండి.

6. సెక్షన్లు

మందం 5–6 మైక్రాన్లు. నీళ్ల తొట్టి 42–45 డిగ్రీలు. స్లైడ్‌కు గుడ్డు తెల్లసొన, గ్లిజరిన్ సమపాళ్లలో కలిపిన మేయర్ అల్బుమిన్ వేలితో పలచగా రుద్దండి. మందంగా పూస్తే అదే రంగు తాగి వెనక మరకలా కనిపిస్తుంది. 37–40 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరనివ్వండి.

మన ఎండాకాలంలో గది 38 డిగ్రీలుంటే బ్లాక్ (ముక్కను కూర్చిన వ్యాక్స్ దిమ్మ) మెత్తబడి సెక్షన్లు ముడతలుగా నలుగుతాయి. బ్లాక్ ముఖాన్ని ప్రతి పది కోతలకోసారి ఐసు గడ్డ మీద పెట్టండి, లేదా 60–62 డిగ్రీల వ్యాక్స్ వాడండి, లేదా తెల్లవారుజామునే కోత పెట్టుకోండి.

ప్రతి స్లైడ్ మీద డైమండ్ పెన్సిల్‌తో పురుగు నంబరు, ముక్క అక్షరం, వరుస సంఖ్య చెక్కండి. వరుస తప్పితే కవాటం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఇక తెలియదు.

7. రంగు వేయడం

హెమటాక్సిలిన్ (కేంద్రకాలకు నీలం), ఇయోసిన్ (మిగతాదానికి గులాబీ) క్రమం:

1) జైలీన్ రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున. తర్వాత 100, 95, 70 శాతం ఆల్కహాల్, నీళ్లు: రెండేసి నిమిషాలు.
2) హారిస్ హెమటాక్సిలిన్ 5 నిమిషాలు.
3) 70 శాతం ఆల్కహాల్‌లో 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపినదాంట్లో ఒక్క ముంపు.
4) కుళాయి నీటి ధార కింద 10 నిమిషాలు, నీలం తేలేదాకా. ఆర్‌ఓ నీళ్లతో కడిగితే నీలం సరిగా తేలక ఎరుపు ఛాయ మిగులుతుంది. అలా అయితే 0.2 శాతం అమోనియా నీళ్లలో కొన్ని సెకన్లు ముంచండి.
5) 1 శాతం ఇయోసిన్ 1–2 నిమిషాలు.
6) 95, 100, 100 శాతం ఆల్కహాల్, జైలీన్ రెండుసార్లు, డీపీఎక్స్‌ (స్లైడ్లకు వాడే పారదర్శక జిగురు)తో కవర్‌స్లిప్.

పెరిట్రోఫిక్ త్వచం, కణాల పైఅంచు చూడాలంటే పీఏఎస్ (పెరియాడిక్ యాసిడ్–షిఫ్) రంగు తప్పనిసరి. 1 శాతం పెరియాడిక్ ఆమ్లం 10 నిమిషాలు, డిస్టిల్డ్ వాటర్‌తో కడుగు, షిఫ్ ద్రావణం 15 నిమిషాలు, కుళాయి నీళ్లు 10 నిమిషాలు, హెమటాక్సిలిన్ ఒక్క నిమిషం. పక్కనే ఒక స్లైడ్‌ను పెరియాడిక్ ఆమ్లానికి ముందే డయాస్టేజ్‌లో (గ్లైకోజన్‌ను కరిగించే ఎంజైము) 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. ఆ స్లైడ్‌లో మాయమైన గులాబీ గ్లైకోజన్. మిగిలింది త్వచం, పైఅంచు, ఆధారత్వచం (కణాల అడుగున ఉండే పలచటి పొర).

8. స్లైడ్ చదవడం

ఏ సెక్షన్ ముందున్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. లోపలి అంచు వెంట మెరిసే అవభాసిని (క్యూటికిల్, కణాల మీది గట్టి పూత) గీత ఉందా? నిలువు కండరాలు ఉపకళకు దగ్గరున్నాయా, వలయ కండరాలా? కణాలు చదునా, ఘనాకారమా, స్తంభాకారమా?

అవభాసిని ఉండి, నిలువు కండరాలు లోపల, వలయ కండరాలు బయట ఉంటే అది ఆద్యాహారనాళం (పేగు ముందుభాగం). అవభాసిని లేకుండా, పొడుగాటి కణాలతో, వలయ కండరాలు లోపల, నిలువు కండరాలు బయట ఉంటే మధ్యాహారనాళం. మళ్లీ అవభాసిని కనిపించి, మందమైన వలయ కండరాలుంటే అంత్యాహారనాళం (పేగు చివరి భాగం). ఈ కండరాలన్నీ చారల కండరాలే. మనిషి పేగులోలా నునుపు కండరాల కోసం వెతకకండి. ఆయిల్ ఇమ్మర్షన్ కింద అడ్డచారలు కనిపిస్తాయి.

అన్నాశయం: ముడతలు పడిన పలచటి గోడ, చదునైన కణాలు, ముడతల వెంటే నడిచే అవభాసిని. గోడ ఎంత ముడుచుకుందన్నది లోపల ద్రవం ఎంత ఉందనే దాని మీద ఆధారపడుతుంది. అది జబ్బు లక్షణం కాదు.

అంతరజఠరం: ఈ అడ్డుకోత దగ్గర కాసేపు ఆగాలి. నాలుగు దిక్కుల నుంచి నాలుగు దళసరి పెదవులు నడుమకు చొచ్చుకొస్తాయి. వాటి మధ్య మిగిలిన ఖాళీ గుణకారం గుర్తులా ఉంటుంది. పెదవుల అంచున అవభాసిని మందంగా, లేత పసుపులో, సన్నని వెంట్రుకలతో కనిపిస్తుంది. చుట్టూ వలయ కండరం గట్టి పట్టీలా బిగిసి ఉంటుంది. అన్నాశయంలోని ద్రవం ఎప్పుడు లోపలికి వెళ్లాలో నిర్ణయించేది ఈ పెదవులే. గుణకారం బదులు చీలికలా కనిపిస్తే మీ కోత ఏటవాలుగా పోయింది.

కొన్ని సెక్షన్లు వెనక్కి వెళ్తే గొట్టంలో గొట్టం కనిపిస్తుంది. అదే కవాటం. లోపలి గొట్టానికి అవభాసిని, బయటి గొట్టానికి పొడుగాటి కణాలు. దీన్ని చూసి పేగు ముడుచుకుపోయిందని చాలామంది పారేస్తారు. దయచేసి పారేయకండి, అది మీ దగ్గరున్న మంచి సెక్షన్లలో ఒకటి.

మధ్యాహారనాళం: స్తంభాకార కణాలు, పైన సూక్ష్మచూషకాల అంచు. కణాల అడుగున, ఆధారత్వచానికి ఆనుకుని, ముదురు కేంద్రకాలున్న చిన్న కణాలు గుంపులుగా ఉంటాయి. అరిగిపోయిన జీర్ణకణాల స్థానంలోకి వచ్చేవి ఇవే. పేగు మధ్యలో పొరలు పొరలుగా తేలేది పెరిట్రోఫిక్ త్వచం.

కణాల పైభాగం బుడగలుగా ఉబ్బి ఉంటే అది స్రావమా, కుళ్లుడా? కేంద్రకాలు గుండ్రంగా, క్రొమాటిన్ స్పష్టంగా ఉండి, పక్క కణాల అంచు చెక్కుచెదరకుండా ఉంటే స్రావం. కేంద్రకాలు నల్లగా కుంచించుకుపోయి, ఉపకళ మొత్తం ఆధారత్వచం నుంచి లేచిపోయి ఉంటే మీరు ఆలస్యం చేశారు. ఆ స్లైడ్ నుంచి కొలతలు తీయకండి.

మాల్పీజియన్ నాళికలు: ఇలియం చుట్టూ చిన్నచిన్న ఉంగరాల్లా. ఒకే వరుస ఘనాకార కణాలు, పెద్ద కేంద్రకాలు. ఇలియం గోడ సాధారణంగా ఆరు నిలువు మడతలుగా లోపలికి వంగి ఉంటుంది. పురీషనాళం గోడ చాలా పలచన, కానీ మధ్యమధ్య ఎత్తైన కణాల దిండ్లుంటాయి. మలంలోని నీటిని, లవణాలను వెనక్కి తీసుకునేవి అవే, అందుకే వాటికి వాయునాళాలు దట్టంగా వెళ్తాయి. సాధారణంగా ఆరు, అయినా మీ జాతిలో వరుస సెక్షన్లు చూసి మీరే లెక్కపెట్టండి.

కొలతలకు ముందు ఐపీస్ స్కేలును స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసుకోండి. 40 అబ్జెక్టివ్ కింద ఐపీస్ 40 గీతలు స్టేజ్ మీది 100 మైక్రాన్లకు సమానమైతే ఒక గీత 2.5 మైక్రాన్లు. అబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ కొత్త లెక్క.

9. తరచూ ఎదురయ్యే చిక్కులు

☐ రిబ్బన్‌లో నిలువు గీత: బ్లేడు అంచుకు నొక్కు, లేదా పేగులో ఇసుక. బ్లేడు జరపండి. గీత అదే చోట మళ్లీ వస్తే లోపం ముక్కలో ఉంది.
☐ సెక్షన్ నుంచి పేగు ఊడి గుండ్రటి రంధ్రం మిగలడం: వ్యాక్స్ లోపలికి చేరలేదు. బ్లాక్ కరిగించి కొత్త వ్యాక్స్‌లో మరో గంట ఉంచండి.
☐ రంగు వేసేటప్పుడు సెక్షన్ తేలిపోవడం: స్లైడ్ సరిగా ఆరలేదు, లేదా జిడ్డుంది. స్లైడ్లను ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.
☐ అంతా గులాబీ, కేంద్రకాలు పాలిపోవడం: ఆమ్లపు ముంపు ఎక్కువైంది. ఆల్కహాల్ దారినే వెనక్కి వెళ్లి హెమటాక్సిలిన్ మళ్లీ వేయండి.
☐ నడుము పెంకుతో సహా కోస్తే చీలిపోవడం: ముదిరిన పెంకును మామూలు వ్యాక్స్ మోయలేదు. నడుము గుండా వెళ్లే ఆహారవాహిక కావాలంటే ఇంకా తెల్లగా ఉన్న ప్యూపాను తీసుకోండి.

10. లార్వా మీద పనిచేస్తే

తుట్టె గదిలోని లార్వాకు గట్టి పెంకు ఉండదు కాబట్టి మొత్తంగా సెక్షన్ తీయవచ్చు. బోయిన్‌లో వేసేముందు చర్మానికి రెండు మూడు చోట్ల సూదిపోటు పెట్టండి, 24 గంటలు ఉంచండి.

లార్వా మధ్యాహారనాళం దాదాపు ఒళ్లంతా నిండి ఉంటుంది, వెనక అంత్యాహారనాళంలోకి తెరుచుకోదు. ఆ మూసిన గోడను చూసి సెక్షన్ వరుస తప్పిందనుకోకండి. ఎదుగుదల ముగిశాక, ప్యూపాగా మారే ముందు దారి తెరుచుకుని, అప్పటిదాకా పేరుకున్న నల్లటి మలం ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఆ ముద్ద గట్టిగా ఉండి బ్లేడును పాడుచేస్తుంది. అందుకని గది మూత పడి, అడుగున నల్లటి ముద్ద వదిలేసిన లార్వాను తీసుకుంటే కోత తేలిక. మూసిన గోడనే చూడాలంటే మాత్రం మూత పడని గదిలోని, నడి వయసు లార్వాను తీసుకుని, కోత మొదలుపెట్టే ముందు బ్లేడు మార్చండి.